లెసియెలి తెచ్చుకున్న మార్కులు

నడిసముద్రంలోని దీవి మీద, నుకుఅలోఫా ఊళ్లో ఓ ఫోన్ కంపెనీలో ఏళ్ల తరబడి నెట్‌వర్కు పని చూస్తున్న లెసియెలి, సిడ్నీ వెళ్లి మరీ చేసొచ్చిన ప్రాక్టికల్ పరీక్ష తప్పింది. అది గట్టెక్కితే పెద్ద ఇంజనీరు కుర్చీ ఆమెది. లేదంటే ఆక్లాండ్ నుంచి ఎవడో వచ్చి కూర్చుంటాడు.

మార్కుల కాగితం మీద ఫలితం కింద మూడే అంకెలు. డిజైన్‌లో వంద, రిపేర్లలో వంద, కనెక్షన్లలో యాభై రెండు. సగటు చూస్తే ఎవరైనా నెత్తిన పెట్టుకోవాల్సిన మనిషే. కానీ ఆ పరీక్షకు సగటుతో పనిలేదు, ఏ భాగానికి ఆ భాగం గట్టెక్కాలి. అడిగినదానికి ఒక్క లైను ఎక్కువైనా ఆ ప్రశ్నకు సున్నా. ఎక్కడ పోయిందో కాగితం చచ్చినా చెప్పదు.

లెసియెలికి మాత్రం చూడగానే తెలిసిపోయింది. సముద్రంలో కేబుల్ తెగితే దీవి మొత్తం మూగబోయే చోట పనిచేసిన చెయ్యి అది. సిగ్నల్‌కి ఒక దారి వేస్తే పక్కన ఇంకోటి వేసిపెట్టందే నిద్రపట్టదు. పరీక్షలోనూ అడగని రెండో దారులన్నీ వేసి, మంచి పని చేశానని మురిసిపోయింది. దీవిని కాపాడిన అలవాటే కొంప ముంచితే ఒళ్లు మండిపోదూ?

ఆ కాగితం మేనత్త మెలెనైతె కంటపడింది. తండ్రికి అక్క ఆమె, ఆ ఇంట్లో తండ్రి కూడా ఎదురుచెప్పని మనిషి. ఆదివారం చర్చి బయట అందరిముందూ "మా పిల్ల పాసైంది!" అని చాటేసింది. మధ్యాహ్నానికి గోతిపొయ్యిలో పంది కాలింది. భోజనానికి మేనేజరు మానాసే కూడా వచ్చాడు. వరసకు మెలెనైతెకు మేనల్లుడే.

"ఏరా, దానికి కుర్చీ ఎప్పుడిస్తావు?"

"నువ్వు చెప్పాక ఇంకేముందత్తా! రేపే పైకి రాసేస్తా. కాగితాలదేముంది, తర్వాత చూసుకోవచ్చు."

లెసియెలి చేతిలో ముద్ద పళ్లెంలో పెట్టేసింది. "నేను తప్పాను," అంది గట్టిగా. "అత్త అంకెలు చూసి పొరబడింది."

మానాసే చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాడు.

గిన్నెలు తోముతుంటే అత్త వచ్చి నిలబడింది.

"నాకు చదవడం రాదనుకున్నావటే? ఫెయిలని ఇంత లావు అక్షరాలతో పైనే ఉంది. పదిమందిలో నా మాట కాదనే దమ్ము మానాసేకి లేదనే అలా చెప్పాను. ఇన్నేళ్లలో నా మాట కాదన్నది నువ్వొక్కదానివే."

ఆక్లాండ్ వాడు వచ్చాడు. అతనికి పని నేర్పింది లెసియెలే. మేనత్త మళ్లీ ఆమెతో మాట్లాడలేదు.