తోడేలుకిచ్చిన కంబళి

బార్తోష్ మంచి నేతగాడని నేను అబద్ధం చెప్పలేను. ఆయన మగ్గం మీంచి దిగిన నారబట్ట అంచు వంకరగానే ఉండేది, సంతలో బేరగాళ్ళు మూతి విరిచేవాళ్ళు. కానీ మా పాత చెక్ భాష పుస్తకాల్లో కథలకి అర్థం విప్పాలంటే మా కొండ ఊళ్ళలో ఆయన తర్వాతే ఎవరైనా. ఆదివారం పొద్దున అందరం బుద్ధిగా చర్చికెళ్ళి ఫాదర్ ముందు మోకాళ్ళు వంచేవాళ్ళం. మధ్యాహ్నం నూలు వడికే వంకతో బార్తోష్ ఇంట్లో చేరి, చర్చివాళ్ళు చదవకూడదన్న ఆ పుస్తకాలు చదువుకోడానికి తలుపు గడియ పెట్టేవాళ్ళం.

మాకు బాగా ఇష్టమైంది బాటసారి కథ. తాతలనాటి చేతిరాత పుస్తకం, ఆయన ఇంట్లో రొట్టెల పొయ్యి వెనక ఇటుక సందులో ఉండేది. బాటసారి దీపం పట్టుకుని అడవిలో పోతుంటే తోడేలు అతను కప్పుకున్న కంబళి పట్టుకుంటుంది. కంబళి దానికి వదిలేసి, దీపాన్ని అరచేత్తో కాపాడుకుంటూ పోతాడు. అంతే కథ.

"కంబళంటే ఏంటి బార్తోషన్నా?" అని తెలిసి కూడా ఎవరో ఒకరు అడిగేవాళ్ళు.

"కంబళంటే ఒళ్ళు. దీపమంటే నమ్మకం. ఒళ్ళు అడిగితే ఇచ్చెయ్. దీపం ఇవ్వకు."

వింటుంటే నాకు ఒళ్ళు జలదరించేది. మా ఆయన యీర మాత్రం ఆ మాట ఎముకల్లోకి ఎక్కించుకున్నాడు. పుస్తకాలు కాల్చే ఫాదర్ మా ఇల్లు సోదా చేసి ఆయన్ని పట్టుకుపోయినప్పుడు, పాత నమ్మకం వదిలేశానని శిలువ మీద చెయ్యేసి ఒట్టు పెట్టమన్నారు. మాకు మోకాళ్ళు వంచడం ఒక ఎత్తు, ఒట్టు ఒక ఎత్తు. అవునంటే అవును, కాదంటే కాదు, మధ్యలోకి దేవుణ్ణి సాక్ష్యానికి లాగకూడదు. మావాళ్ళు పసిపిల్లలు ఆటల్లో కూడా ఒట్టు పెట్టరు. యీర పెట్టలేదు. శిక్షగా కోట కందకం తవ్వీ తవ్వీ, నెత్తురు కక్కుకుని చచ్చిపోయాడు.

నాలుగేళ్ళకి బార్తోష్ కూతురు లిద్మిల దొరికిపోయింది. ఆ బాటసారి పుస్తకమే దొరికింది. తండ్రి నోరు తెరిచే లోపలే "అది నాది" అందట పిచ్చిపిల్ల. పంతొమ్మిదేళ్ళు. తల్లి లేదని నేనే జడలు వేసి పెంచాను. జైల్లో దానికి జ్వరం తగిలిందని తెలిసింది. ఒట్టు పెడితే ఆ రోజే ఇంటికి పంపుతారు.

నేను జైలు బట్టలు ఉతికేదాన్ని, అందుకని లోపలికి పోనిచ్చేవాళ్ళు. బార్తోష్ మా గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు.

"సాలొమేనా, దానికో మాట చెప్పు. కంబళంటే ఒళ్ళు కాదట, పైపై మాటట, నాన్న చెప్పమన్నాడని చెప్పు. ఆ ఒట్టేదో నోటితో అనేసి వచ్చెయ్యమను."

నాకు ఒళ్ళు మండిపోయింది. "మా ఆయనకైతే ఒళ్ళు, నీ కూతురికైతే మాటా? అర్థాలు బాగానే నేస్తున్నావు, నీ బట్టకన్నా నయం."

ఆయన తల దించుకున్నాడు. "యీరని చంపింది నేనే. నువ్వు తిట్టు, పడతాను. దాన్ని మాత్రం బతికించు."

తిట్టాను, కడుపారా తిట్టాను. ఆ తర్వాత కొంగుతో కళ్ళు తుడుచుకుని బుట్ట నెత్తినెత్తుకున్నాను. ఎంతైనా అది నా చేతుల్లో పెరిగిన పిల్ల. చీటీ రాసిస్తే, అది దొరికితే ఇద్దరికీ చావే. అందుకని నోటిమాటే తీసుకెళ్ళాను.

లిద్మిల గడ్డి మీద గోడకి ఆనుకుని ఉంది, పెదాలు పగిలిపోయి. ఎండు బేరిపండు ముక్క నోట్లో పెడితే చప్పరించింది. నేను మాట చెప్పాను.

"నాన్న అలా అనడు అత్తా."

"అన్నాడే తల్లీ. నా ఎదురుగానే అన్నాడు, ఏడ్చాడు కూడా."

"నాన్న ఏడవడు."

"మనసు విరిగితే రాయైనా ఏడుస్తుందే. నా మాట విను, ఇంటికి పోదాం పద."

అది తల అడ్డంగా ఊపింది. బయట కాపలావాడు తాళాలు ఆడిస్తున్నాడు. ఇంకెలా నమ్మించాలో తోచలేదు. ఆ పిల్ల రెండు చేతులూ పట్టుకుని, "దేవుడి మీద ఒట్టే, మీ నాన్నే చెప్పాడే" అన్నాను.

నా జన్మలో నేను పెట్టిన ఒట్టు అదొక్కటే.

లిద్మిల చేతులు మెల్లగా వెనక్కి తీసుకుంది. కోపంగా కూడా కాదు, జాలిగా చూసింది. "ఒట్టు పెట్టావా? నిన్ను కూడా లొంగదీశారా అత్తా? ఎన్ని దెబ్బలు కొట్టారు?" అంది.

ఎంత చెప్పినా వినకుండా గోడవైపు తిరిగి పడుకుంది. పన్నెండో రోజున పోయింది.

ఆ తర్వాత బార్తోష్ అడిగాడు. "నా మాట చెప్పావా?"

"చెప్పాను."

"మరేమంది?"

"నమ్మలేదు."

"ఎలా నమ్ముతుందిలే. ఇన్నేళ్ళూ నేను నేర్పిందే కదా" అని, కట్టలు తెంచుకున్నట్టు ఏడ్చాడు. తన నోటిమాటే కూతుర్ని మింగిందనుకుంటూ ఆయన ఇంకో తొమ్మిదేళ్ళు బతికాడు. నేను ఆదివారం ఆదివారం వెళ్ళి పక్కనే కూర్చుని నూలు వడికేదాన్ని. నేను ఒట్టు పెట్టానని మాత్రం ఆయన పోయేదాకా చెప్పలేదు.