సత్తెమ్మ పదకొండో బజ్జీ

మా యూనివర్సిటీ పరిపాలనా భవనం రెండో అంతస్తులో, ఒక బుధవారం పొద్దున పదకొండున్నరకు, నా పరువు నిలువునా కూలిపోయింది. భవనానికి ఏమీ కాలేదు. కూల్చింది కూడా నేనే, అదీ లక్క సీలు వేసి, నలుగురినీ పిలిచి మరీ. నవ్వదలచిన వాళ్లు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో మీరు కూడా కాస్త ఊపిరి బిగపట్టాల్సి వస్తుంది.

నాలుగేళ్ల కిందటి మాట. పరీక్షల్లో కాపీలూ, దొంగ ప్రాజెక్టులూ విచారించే విభాగంలో నన్ను కొత్తగా వేశారు. అంతకుముందు పదేళ్లు కిటికీ వెనక కూర్చుని హాల్ టికెట్లు పంచిన మనిషిని. చేతికి విచారణ రాగానే నా నడకే మారిపోయింది. ఇంట్లో ఉప్మాలో జీడిపప్పు తగ్గినా మా ఆవిడను సంజాయిషీ అడిగేవాణ్ణి. ఆవిడ గరిటెతో జవాబు చెప్పేది.

అలాంటి రోజుల్లో ఎమ్మే ఎకనామిక్స్ పేపర్లు దిద్దే చోటు నుంచి అయిదు జవాబు పత్రాలు వచ్చాయి. ఏ వస్తువైనా వాడుతున్న కొద్దీ దాని మీద తృప్తి తగ్గుతుందని ఒక సూత్రం ఉంది కదా, దానికి అయిదుగురూ ఒకే ఉదాహరణ రాశారు. లాలాపేట్‌లో సత్తెమ్మ వేసే మిర్చి బజ్జీ. మొదటి బజ్జీకి స్వర్గం కనిపిస్తుంది, అయిదో బజ్జీకి కంట్లో నీళ్లు తిరుగుతాయి, పదకొండో బజ్జీని చూస్తే సత్తెమ్మ మీదే కోపం వస్తుంది. అక్కడిదాకా బాగానే ఉంది. ఆఖరి వాక్యం కూడా అయిదుగురిదీ ఒకటే: "అందువల్ల పదకొండో బజ్జీని ప్రభుత్వమే ఉచితంగా ఇవ్వాలి."

తప్పు కూడా ఒక్కటే అయితే కాపీ కాక మరేమిటి?

పైగా ఆ పేరా చదువుతుంటే నాకు ఎక్కడో చదివినట్టే అనిపించింది. ఆ సొగసు, ఆ చమత్కారం! ఈ పిల్లలకు ఇంత రాయడం ఎక్కడ వస్తుంది, ఏ మహానుభావుడి పుస్తకం నుంచో ఎత్తారని తేల్చేశాను. రెండు రోజులు లైబ్రరీలో దుమ్ము పీల్చాను. ఆ మహానుభావుడు దొరకలేదు. తుమ్ములు మాత్రం దొరికాయి.

ముందుగా మమత అనే అమ్మాయిని పిలిపించాను. వారాసిగూడలో గది తీసుకుని చదువుకుంటున్న పిల్ల. ఒళ్లో ఒక ప్లాస్టిక్ ఫైలు పట్టుకుని కుర్చీ అంచున కూర్చుంది.

"ఈ ఉదాహరణను నీవు ఎచ్చటి నుండి సంగ్రహించితివి?" అన్నాను. విచారణ అంటే గ్రాంథికంలో ఉండాలని నా అప్పటి అభిప్రాయం.

"నోట్స్ చదివి రాసిన సార్. గాడ తార్నాకల జిరాక్స్ షాపుల దొరుకుతది. మా అక్క గూడ గదే చదివి పాసైంది."

"నోట్సు రాసినవాడి పేరు?"

"తెల్వది సార్. ఎవరో పాత సీనియర్. గోల్డ్ మెడల్ అట."

"అయితే దీని వెనుక ఒక ముఠాయే ఉన్నదన్నమాట!"

"ముఠా ఏంది సార్? మేం అయిదుగురం అయిదు రూములల్ల రాసినం. వాళ్ల మొఖాలే నాకు తెల్వయి. సార్, గురువారం పొద్దుగాల గురుకులంల టీచర్ పోస్టుకు సర్టిఫికెట్లు చూస్తరు. మార్కుల మెమో లేకుంటే నన్ను లోపలికే రానియ్యరు. జర నా మాట ఇనుండ్రి సార్."

వినలేదు. నేను అప్పటికే మనసులో ముఠా నాయకుడికి మీసాలు అతికిస్తున్నాను. ఆ అమ్మాయి గొంతు వణకడం నాకు వినపడింది, దాన్ని నేరస్థుల లక్షణంగా రాసుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గుగా ఉంటుంది.

ఆ సాయంత్రమే తార్నాక జిరాక్స్ షాపు మీద దాడి చేశాను. దాడి అంటే, రెండు బీటెక్ ప్రాజెక్టుల వెనక లైన్లో నిలబడ్డాను. షాపు జహంగీర్ భాయిది.

"భాయ్, ఎకనామిక్స్ నోట్సులో బజ్జీల సంగతి ఉందా?"

"సత్తెమ్మ బజ్జీలా సార్? నలభై రెండో పేజీల ఉన్నయి. ఏండ్ల సంది నడుస్తున్నది మాల్. తెరిచి చూడుండ్రి, పేజీలు సాఫ్ వచ్చినయో లేదో."

"తెరవొద్దు! సాక్ష్యాన్ని కమిటీ ముందే తెరవాలి!"

భాయ్ నన్నోసారి పైనుంచి కిందికి చూసి, పాపం, కట్టను కాగితంలో చుట్టి ఇచ్చాడు. అలాంటి నిబంధన ఎక్కడా లేదండీ. చిన్నప్పుడు చదివిన డిటెక్టివ్ నవలల్లోంచి నేనే తెచ్చుకున్నాను. కట్టను పెద్ద కవరులో పెట్టి, లక్క కరిగించి సీలు వేసి, వేలు కూడా కాల్చుకున్నాను. పైన వివరాలు టైపు చేస్తానని మా టైపిస్టు అంటే ఒప్పుకోలేదు. నా చేతిరాత మీద నాకంత ప్రేమ. నా అక్షరాలు ఫుట్‌బోర్డు మీద వేలాడే మనుషుల్లా ఎడమ పక్కకు ఒరిగి ఉంటాయి. "సాక్ష్యము నెం. 1, ముఠా రచన" అని కవరు నిండా రాశాను. అయిదుగురి సెమిస్టర్ పేపర్లూ రద్దు చేయాలని నోటు కూడా పెట్టాను.

బుధవారం వచ్చింది. కమిటీలో ముగ్గురు. కమిటీకి పెద్ద విమలా మేడం. పదిహేనేళ్ల కిందట నాకు ఇదే ఎకనామిక్స్ పాఠం చెప్పిన మనిషి. ఆవిడ కళ్లజోడు పైనుంచి చూస్తే నాకు ఇప్పటికీ హోంవర్క్ మరిచిపోయినట్టే ఉంటుంది. అయిదుగురు పిల్లలూ గోడకు ఆనుకుని నిలబడ్డారు. మమత కళ్లు ఉబ్బి ఉన్నాయి. మర్నాడు పొద్దున పదింటికి ఆ అమ్మాయి గురుకులంలో ఉండాలి.

"రాజేందర్, తప్పు తేలితే ఈ పిల్లల ఏడాది పోతుంది. నీకు గట్టి నమ్మకమేనా?" అన్నారు మేడం.

"నూటికి నూరు పాళ్లు మేడం. అసలు దొంగ రాత ఈ కవరులో ఉంది."

మేడం లక్క పగలగొట్టారు. కట్ట బయటికి తీశారు. నలభై రెండో పేజీ తిప్పి, కదలకుండా కూర్చున్నారు. తర్వాత ఖాళీ కవరు తీసి పక్కన పెట్టుకున్నారు. ఒకసారి కవరు వైపు, ఒకసారి పేజీ వైపు. మళ్లీ కవరు. అది చూసి నేను గర్వంగా మెడ నిక్కించాను. నా కవరు అందం ఆవిడకు నచ్చిందనుకున్నాను, చెప్పుకుంటే నమ్మరు.

"ఇటు రా," అన్నారు.

వెళ్లి చూశాను. కవరు మీద అక్షరాలు ఎడమకు ఒరిగి ఉన్నాయి. పేజీలో అక్షరాలూ ఎడమకే ఒరిగి ఉన్నాయి. అవే ఫుట్‌బోర్డు మనుషులు, కాకపోతే జిరాక్సుకు జిరాక్సయి కాస్త నల్లబడ్డారు. ఎమ్మే ఆఖరి పరీక్షకు ముందు రోజు స్నేహితుల కోసం జిరాక్సుకని ఆ షాపులో ఇచ్చి, పరీక్ష కంగారులో తిరిగి తెచ్చుకోవడం మరిచిపోయిన నోట్సు! లైబ్రరీ అంతా వెతికినా దొరకని మహానుభావుణ్ణి నేనే.

"మేడం... గిది... నాదే మేడం," అన్నాను. గ్రాంథికం ఎటు పోయిందో తెలియదు.

"అది సరే. ఈ అంచున ఏదో రాసి ఉంది, చదువు."

"వద్దు మేడం."

"చదువు. సాక్ష్యం కదా."

చదివాను. "ఈ చాప్టర్ వదిలేయండి. మేడంకే సరిగ్గా రాదు."

గోడ దగ్గర ఒక పిల్లవాడికి దగ్గు వచ్చింది. అది దగ్గు కాదని అందరికీ తెలుసు. మేడం కళ్లజోడు తీసి తుడుచుకుని, చాలాసేపు తుడుచుకుని, అడిగారు. "నోట్సు చదివి రాశానని ఈ అమ్మాయి నీకు ముందే చెప్పిందా?"

"చెప్పింది మేడం."

"మరి?"

కవరు మీది "ముఠా రచన" అన్న మాటను అరచేత్తో కప్పేశాను.

షాపులో అందరికీ దొరికే నోట్సు బట్టీ పట్టడం తెలివితక్కువ పనేగానీ కాపీ కాదని కమిటీ పది నిమిషాల్లో తేల్చింది. నేను మెమోల గదికి పరుగెత్తి, సంతకాల కోసం మూడు అంతస్తులు ఎక్కి దిగి, సాయంత్రం నాలుగింటికి మమత చేతిలో మెమో పెట్టాను. "తప్పు నాదేనమ్మా, నువ్వు చెప్పింది వినలేదు," అన్నాను. ఆ అమ్మాయి మెమోను ఫైలులో భద్రంగా పెట్టుకుని, గడప దాకా పోయి వెనక్కి తిరిగింది.

"సార్, గోల్డ్ మెడల్ నిజమేనా?"

"సెకండ్ క్లాసమ్మా."

"నేను అనుకున్న సార్. కమిటీ టేబుల్ మీద నా పేపర్ చూసిన, గా బజ్జీ జవాబుకు పదికి రెండే మార్కులు పడ్డయి. ఆఖరు లైను తప్పట. వచ్చే బ్యాచోళ్ల కోసమన్న జర దిద్దుండ్రి."

అదే సాయంత్రం జహంగీర్ భాయ్ షాపులో నిలబడి, పదిహేనేళ్లు ఆలస్యంగా, ఆ లైను కొట్టేశాను. ఇంటికి వచ్చి దేవుడి పటం ముందు తూర్పు తిరిగి ప్రమాణం చేశాను: ఇకపై ఏ బిడ్డకైనా నోటీసు ఇచ్చే ముందు ఎదురుగా కూర్చోబెట్టి, ఎక్కడ చదివావని అడిగి, జవాబు పూర్తయ్యేదాకా నోరు మూసుకుంటాను. ఆ ప్రమాణం ఇప్పటికీ నా టేబుల్ అద్దం కింద ఉంది. చేత్తో రాయలేదు. టైపు చేయించాను.