బాస్టియన్ మాస్టారి సంతాప పుస్తకం

వెనిస్‌లో మా వీధి పిల్లలందరికీ అక్షరాలు దిద్దించింది బాస్టియన్ మాస్టారే. నాకూ ఆయనే. అమ్మ పోయాక నా చదువు ఆగింది. నాన్న అచ్చుశాలలో తడి కాగితాలను అటక మీద తాళ్లకు ఆరేయడం నా పనైంది.

మాస్టారు పెళ్లిళ్లకూ చావులకూ పద్యాలు రాసేవారు. పెద్దింట్లో ఎవరైనా పోతే కవులంతా తలో పద్యం ఇస్తారు, ఒకరు వాటిని పుస్తకంగా కూరుస్తారు. కూర్చినవారి పేరు ముఖపత్రం మీద పడుతుంది. మాస్టారి పేరు ఎప్పుడూ వెనక పేజీల్లోనే ఉండేది. ఒక్కసారి ముందు పడాలని ఆయన కోరిక. జుట్టు నెరిసినా తీరలేదు.

ఆ చలికాలం కాలువ అవతలి మేడలో ఇసోట్టా దొరసానికి జ్వరం పట్టుకుంది. వైద్యులు పెదవి విరిచారు. మాస్టారు ఊరంతా తిరిగి పద్యాలు పోగుచేసుకొచ్చారు. ముందే రాసి పెట్టుకోవడం కవులకు మామూలే, బయటికి అనరంతే.

"ఊపిరుండగానే అచ్చెయ్యమంటారా మాస్టారూ?" అన్నాడు నాన్న.

"పద్యాలు వేసెయ్ జువానే. తేదీ, అంకితం ఉండే మొదటి కాగితం ఎలాగూ ఆఖర్నే వేస్తావుగా."

"బతికితే?"

"బతికితే సంతోషమేగా" అన్నారు మాస్టారు, టోపీ సవరించుకుంటూ.

ఆ కాగితాలు నేనే ఆరేశాను. కూడబలుక్కుని కొన్ని చదివాను. ప్రతి పద్యంలోనూ జ్వరం ఆవిణ్ణి ఎత్తుకుపోయింది.

కానీ ఆవిడ కోలుకుంది. కాగితాలు కట్టగట్టి మెట్ల కింద పెట్టాం. పనివాడు బెప్పో ఊరుకోలేదు.

"మాస్టారూ, మీ శవం నిన్న చేపల బజారు దగ్గర నవ్వుకుంటూ పడవలో పోయింది. చూశారా?"

"నోర్ముయ్యరా."

మాస్టారు రోజూ పొద్దున్నే మేడకు వెళ్లి దొరసాని ఆరోగ్యం కనుక్కునేవారు. ఒకరోజు నేను ప్రార్థన పుస్తకం ఇవ్వడానికి వెళ్లేసరికి ఆవిడ ఆయన్ని కూర్చోబెట్టి బియ్యం వేసిన చారు తాగిస్తోంది.

"జబ్బు తగ్గాక కూడా ఎలా ఉన్నావని అడిగేది మీరొక్కరే మాస్టారూ. మావారు కూడా మానేశారు."

"చల్లగా ఉండాలి తల్లీ" అన్నారాయన. గిన్నెలోంచి తలెత్తలేదు.

శరదృతువులో ఆవిడ పురిట్లో పోయింది. బిడ్డా దక్కలేదు. ఆ సాయంత్రమే మాస్టారు మా గుమ్మంలో నిలబడ్డారు.

"మొదటి కాగితం వెయ్యి."

"ఒక నెల ఆగండి. ఇంత త్వరగా తెస్తే జనం నోళ్లు ఊరుకోవు."

"నెల ఆగితే ఇంకొకడు తెస్తాడు. మళ్లీ వాడి వెనక నేను."

నాన్న వేశాడు. వారం తిరక్కుండానే మాస్టారు పుస్తకం పట్టుకుని మేడకు వెళ్లారు. నాన్నా నేనూ మిగతా ప్రతులు మోసుకెళ్లాం.

దొరగారు ముందు పుస్తకాన్ని కళ్లకు అద్దుకున్నారు. తర్వాత నిలబడే చదివారు. ఒక పేజీ, ఇంకో పేజీ. తర్వాత గబగబా తిప్పడం మొదలుపెట్టారు.

"అందరూ జ్వరమంటారేం? నా బిడ్డ ఏడీ ఇందులో?"

దొరగారు మా నాన్న వైపు చూశారు, నాన్న నేల చూశాడు.

"అందుకా" అన్నారు దొరగారు మాస్టారితో. "అందుకా రోజూ వచ్చి కనుక్కున్నావు? ఇంకా ఉందా, పోయిందా అనా?"

మాస్టారిని మొదటి పేజీకెక్కించిన ఆ పుస్తకాన్ని దొరగారు తిరిగి ఆయన చేతుల్లోనే పెట్టారు, మెల్లగా, విసరకుండా.

తర్వాత ఎవరూ పిల్లల్ని ఆయన దగ్గరికి పంపలేదు. పద్యాలు ఇచ్చిన కవులు కూడా వంతెన మీద ఎదురైతే మొహం తిప్పుకున్నారు. ఆయన ఏ గుమ్మం ముందు ఆగినా ఆడవాళ్లు శిలువ గుర్తు వేసుకుని కిటికీ మూసేవారు. అందుకని జబ్బు మనుషులున్న వీధులు వదిలి చుట్టూ తిరిగి నడిచేవారు.

మరుసటేడు మహమ్మారి వచ్చింది. ఆయన నడవడానికి వీధి మిగలలేదు.