రాని నెలసరికి చేసిన ఫంక్షన్

మా అమ్మాయి నాలుగో తరగతిలోకి వచ్చిన ఏడు, యూనిఫాం కుట్టించడానికి వన్ టౌన్‌లో మాకు అలవాటైన టైలరు మస్తాన్ గారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన కొలిచి, పాత పుస్తకం తిరగేసి, మళ్లీ కొలిచారు.

"పోయినేడు కొలతలే సార్. అర అంగుళం కూడా మారలా. పాప అన్నం సరిగా తింటుందా?"

"మీ టేపు సాగిపోయినట్టుంది, కొత్తది కొనండి," అని నవ్వాను.

నవ్వాను గానీ, ఏదో తేడాగా ఉందని ఆ రోజే తెలిసింది. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డు నాది. చెక్కలో పావు అంగుళం తేడా వస్తే పనివాళ్లను నిలబెట్టి తిట్టే మనిషిని. కన్నకూతురు ఏడాదిపాటు పెరగలేదని ఒకరు కొలిచి చెబితే మాత్రం జోకేసి బయటికొచ్చాను.

ఇది మా అమ్మాయి అనుమతితోనే రాస్తున్నాను. ఇక్కడ తనని మౌనిక అంటాను. తను ఒకే షరతు పెట్టింది: "నిన్ను మంచివాడిలా రాసుకోకు నాన్నా."

గుణదలలో మా ఇంటికి దగ్గర్లో ఒక పిల్లల డాక్టరమ్మ ఉండేవారు. ఆవిడ మౌనిక ఎత్తు గ్రోత్ చార్టు మీద చుక్క పెట్టారు. ఆ చుక్క అన్ని గీతలకూ కింద పడింది. మోచేతులు చూశారు, జడ పక్కకు తీసి మెడ వెనక చూశారు.

"పుట్టినప్పుడు కాళ్లూ చేతులూ వాచి ఉన్నాయా అమ్మా?"

"ఉన్నాయండీ. పాదాలు బూరెల్లా ఉండేవి. తర్వాత వాటంతటవే తగ్గిపోయాయి," అంది నా భార్య పద్మ.

ఆవిడ రెండు టెస్టులు రాశారు. ఒకటి థైరాయిడ్, రెండోది కారియోటైప్. "ఆడపిల్ల కారణం లేకుండా పొట్టిగా ఉంటే ఈ రెండోది చేయించి తీరాలండీ. కణాల్లో క్రోమోజోములు లెక్కపెడతారు," అన్నారు.

థైరాయిడ్ చేయించాను, నార్మల్ అని వచ్చింది. రెండోది చేయించలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, ఈ డాక్టర్లకి ఊరికే టెస్టులు రాయడం అలవాటే అనేవాణ్ని. అది అబద్ధం. అసలు కారణం, క్రోమోజోము అనే మాట నా కూతురి పేరు పక్కన ఒక కాగితం మీద ఉండటం నాకిష్టం లేదు. ఆ కాగితం రేపు పెళ్లిసంబంధం వాళ్ల చేతిలో పడితే? తొమ్మిదేళ్ల పిల్ల గురించి నా ఆలోచన అది. బదులుగా ఎత్తు పెంచే పొడులు తెచ్చాను. షెడ్డులో పైపు వంచి ఒక కడ్డీ చేయించి, ఇంటి గుమ్మానికి బిగించి, రోజూ పొద్దున్నే దానికి వేలాడమన్నాను. మౌనిక అరచేతులు బొబ్బలెక్కాయి. అది తన బద్ధకమన్నాను, సరిగా వేలాడటం లేదన్నాను.

తొమ్మిదో తరగతికి వచ్చేసరికి తోటి పిల్లలందరికీ ఓణీలు వేశారు. ఏ పెళ్లికెళ్లినా ఆడవాళ్లు పద్మని చుట్టుముట్టి "ఇంకా కాలేదా?" అని అడిగేవారు. పక్కనే నిలబడి ఉన్న పిల్లకి చెవులుంటాయని ఒక్కరికీ తోచదు. పెళ్లికొచ్చి ఒక పిల్ల ఒంటి సంగతి భోజనాల బల్ల దగ్గర విచారించే హక్కు వీళ్లకెవరిచ్చారు? ఇవాళ ఇంత కోపంగా రాస్తున్నాను గానీ, ఆ రోజు నేను ప్లేటులోకి చూస్తూ పెరుగన్నం కలుపుకున్నాను.

ఆ వేసవి సెలవుల్లో గుడివాడ నుంచి మా అక్క వచ్చింది.

"చాప వేసి కూర్చోబెట్టండి. పిల్ల పెద్దమనిషైందని నాలుగు ఫోన్లు చేస్తే సరి. వచ్చిందో లేదో ఎవడు చూడొచ్చాడురా?"

"తర్వాత నిజంగానే వస్తే?" అంది పద్మ.

"వస్తే మంచిదేగా. మళ్లీ ఎవరికి చెబుతాం?"

నేను కాదనాల్సింది. ఊఁ కొట్టాను. ఈతాకు చాప తెచ్చింది నేనే. చిమ్మిలికి నువ్వులు, బెల్లం తెచ్చింది నేనే. వీధి మొదట్లో పట్టులంగాలో ఉన్న మౌనిక ఫొటోతో ఫ్లెక్సీ కట్టించిందీ నేనే. పదకొండు రోజులు నా కూతురు, ఏమీ జరగకుండానే, ఒక మూల చాప మీద విడిగా కూర్చుంది. వచ్చిన ప్రతి ఆడమనిషీ చిమ్మిలి నోట్లో పెట్టి, "కడుపునొప్పి ఉందా అమ్మా?" అని అడిగింది.

మొదటిరోజు సాయంత్రం నన్ను పిలిచింది. "నాన్నా, నాకేం రాలేదుగా. అడిగితే ఏం చెప్పను?"

"ఏం చెప్పొద్దు. తలూపు చాలు," అన్నాను.

పదో తరగతిలో తలనొప్పి మొదలైంది. పుస్తకం తెరిస్తే తల పగిలిపోతోందని ఏడ్చేది. కళ్ల డాక్టరు అద్దాలు రాశారు. తగ్గలేదు. ఏడాదిన్నరలో ఇద్దరు ఫిజీషియన్లకు చూపించాం. ఇద్దరూ ఒకే ప్రశ్న అడిగారు: "పీరియడ్స్ రెగ్యులరేనా?"

"రెగ్యులరేనండీ," అంది పద్మ, నా ముఖం చూసి. బంధువులకు చెప్పిన అబద్ధం ఆ విధంగా ఆస్పత్రి కాగితాల్లోకి ఎక్కింది. మైగ్రేన్ అని మాత్రలిచ్చారు. పదిహేనేళ్ల పిల్లకి ఎందుకులే అనుకున్నారేమో, ఇద్దరిలో ఒక్కరూ బీపీ పట్టీ కట్టి చూడలేదు. వాళ్ల మీద నాకు కోపం ఉంది. కానీ రావాల్సిన నెలసరి రాలేదన్న ఒక్క ముక్క చెప్పి ఉంటే ఆలోచన ఇంకో దారిలో వెళ్లేది. ఆ దారి మూసింది మేము.

మౌనిక ఇంటర్‌లో బైపీసీ తీసుకుంది. రెండో ఏడాది జువాలజీ పుస్తకంలో క్రోమోజోముల సంఖ్యలో తేడాల గురించి పాఠం ఉంది. అందులో టర్నర్ సిండ్రోమ్ గురించి చిన్న పేరా. పొట్టిగా ఉంటారు, మెడ పక్కల చర్మం మడతలుగా ఉంటుంది, నెలసరి రాదు. లెక్చరర్ చదువుతుంటే వెనక బెంచీ వాళ్లు తనని చూసి నవ్వారట. ఇంటికొచ్చి మాతో ఏమీ అనలేదు. నాలుగు రోజుల తర్వాత, "తలనొప్పికి హార్మోన్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు," అని మాత్రం అడిగింది.

ఆ ఎండోక్రైనాలజిస్టు అదే ప్రశ్న అడిగారు. పద్మ నోరు తెరిచేలోపే మౌనిక అంది:

"రెగ్యులర్ కాదు సార్. అసలెప్పుడూ రాలేదు. వచ్చిందని ఫంక్షన్ చేశారు."

డాక్టరు గారు నా వైపు తిరిగారు. "మీరిద్దరూ కాసేపు బయట కూర్చోండి," అన్నారు. ఇరవై నిమిషాలు బయట కుర్చీల్లో కూర్చున్నాం.

మళ్లీ లోపలికి పిలిచినప్పుడు బీపీ చూసిన కాగితం బల్ల మీద ఉంది. బీపీ చాలా ఎక్కువగా ఉంది. తలనొప్పి అందుకే. గుండెకి ఎకో స్కాన్, కిడ్నీ స్కాన్, బోన్ ఏజ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్ టెస్టు, కారియోటైప్ రాశారు. ఎనిమిదేళ్ల క్రితం నేను మడిచి దాచిన మాటే.

ల్యాబ్ కౌంటర్‌లో కుర్రాడు చీటీ చూసి, వెనకున్న వాడికి వినపడేలా, "ఆడో మగో తేల్చే టెస్టురా ఇది, ఏ ట్యూబు?" అని అరిచాడు. వరసలో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. నాకు ఒళ్లు మండిపోయింది. నేను నోరు తెరిచేలోపే మౌనిక కౌంటర్ అంచు పట్టుకుని మునివేళ్ల మీద లేచి నిలబడింది.

"నేను ఆడపిల్లనే అన్నా, అందులో డౌటేం లేదు. క్రోమోజోములు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడానికొచ్చాం. మీకు లెక్కలొచ్చుగా?"

రిపోర్టు రావడానికి మూడు వారాలు పట్టింది. ముప్పై కణాలు చూశారు. ముప్పైలోనూ క్రోమోజోములు నలభై ఐదే.

డాక్టరు గారు మౌనికకే చెప్పారు. "మన ఒంట్లో దాదాపు ప్రతి కణం డిప్లాయిడ్ అమ్మా. అమ్మ నుంచి ఒక సెట్టు, నాన్న నుంచి ఒక సెట్టు. ఇరవై మూడు జతలు, మొత్తం నలభై ఆరు. అండంలో, వీర్యకణంలో మాత్రం సగమే ఉండాలి. ఆ సగం చేసే పనిలో ఒక్కోసారి ఒక ఎక్స్ క్రోమోజోము జారిపోతుంది. నీకు ఒకే ఎక్స్ ఉంది, టర్నర్ సిండ్రోమ్ అంటే ఇదే. ఇది ఎవరి తప్పూ కాదు."

ఎవరి తప్పూ కాదన్న ఆ మాట వెనక దాక్కుందామని చూశాను. మౌనిక దాక్కోనివ్వలేదు. ఇంటికొస్తూ కారులో అంది:

"ఒక ఎక్స్ ఎందుకు లేదో నాకర్థమైంది నాన్నా. చాప మీద ఎందుకు కూర్చోబెట్టావో చెప్పు."

సిగ్గుపడ్డానని అన్నాను. "నేనంటేనా?" అంది. అవునని ఒప్పుకున్నాను. క్రోమోజోము పోవడం నా తప్పు కాదు. పోయిన ఎనిమిదేళ్లు మాత్రం నావే.

ఎకోలో గుండె కవాటానికి మూడు రేకుల బదులు రెండే ఉన్నాయని తేలింది. గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం ఆయోర్టా మీద జీవితమంతా కన్నేసి ఉంచాలన్నారు. బోన్ ఏజ్, అంటే ఎముకల వయసు, పదమూడు దగ్గరుంది. "కొంచెం టైం మిగిలింది. తొమ్మిదేళ్లప్పుడు వచ్చుంటే చాలా మిగిలేది," అన్నారు డాక్టరు గారు. రోజూ రాత్రి భోజనం అయ్యాక గ్రోత్ హార్మోన్ ఇంజెక్షన్. మొదటి వారం నేను పొడిచాను. "ఇటివ్వు నాన్నా, నువ్వు లారీకి బోల్టు దించినట్టు దించుతున్నావ్," అని సూది లాక్కుంది. అప్పటినుంచి తనే వేసుకుంది. అండాశయాలు పనిచేయడం లేదని కొద్ది మోతాదులో ఈస్ట్రోజన్ మొదలుపెట్టారు. మధ్యలో థైరాయిడ్ పనిచేయడం తగ్గింది, చెవిలో చీము పట్టి ఒక పక్క వినికిడి కొంత పోయింది. రెండేళ్లలో ఏడు సెంటీమీటర్లు పెరిగింది. తర్వాత ఎముకల చివర్లు మూసుకున్నాయి, ఇంజెక్షన్లు ఆపేశారు. ఇంకెంత పెరిగేదో ఎవరూ చెప్పలేరు. నేనడిగాను. డాక్టరు గారు ఫైల్లో తర్వాతి ఎకో తేదీ రాశారు.

ఈలోపు మా అక్క ఫోన్ చేసింది. "ఈ సంగతి బయట పెట్టకండి. పెళ్లయ్యాక పిల్లలు కలక్కపోతే అప్పుడు చూసుకోవచ్చు."

"అప్పుడు ఊఁ కొట్టింది నేనే అక్కా, నిన్ను అనక్కర్లేదు. ఇంక కొట్టను. ఎవరికి చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో మౌనిక ఇష్టం."

"ఆడపిల్ల ఇష్టమేంట్రా?" అంది. ఫోన్ పెట్టేశాను. సిండ్రోమ్ సంగతి దాచి పిల్లని ఒకరికి అంటగట్టడం తప్పు కాదట, ఆ పిల్ల నోరు తెరిస్తే తప్పట. ఈ న్యాయం మా ఇళ్లలో ఎంతకాలం నడుస్తుంది?

మౌనికకి ఇప్పుడు ఇరవై ఏళ్లు. మైక్రోబయాలజీ డిగ్రీ చదువుతోంది. బీపీ మాత్ర, థైరాయిడ్ మాత్ర, హార్మోన్ మాత్రలు వేసుకుంటుంది. మాత్రలతోనే నెలసరి వస్తోంది. మొదటిసారి వచ్చినప్పుడు వాళ్లమ్మకి చెప్పింది, నాకు చెప్పలేదు. నాకు చెప్పకపోవడం న్యాయమే. నాతో మాట్లాడుతుంది, నవ్వుతుంది. మునుపటిలా నమ్ముతుందా అంటే, ఆ సంగతి అడిగే ధైర్యం ఇంకా రాలేదు.

పోయిన నెల ఎకోకి వెళితే కొత్త కార్డియాలజిస్టు ఫైలు తెరిచి, "హిస్టరీ చెప్పండి," అని నన్ను చూశారు. నేను మౌనిక వైపు చూశాను. నాలుగు వాక్యాల్లో చెప్పేసింది, ఒక్క ముక్క దాచకుండా.

ఆడపిల్లలున్న తల్లిదండ్రులకు ఒక్కటే చెబుతాను. పదేళ్లు దాటిన పిల్లని ఏ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లినా, కాసేపు తనని ఒక్కదాన్నే లోపల మాట్లాడనివ్వండి. మీరు లేచి బయటికి రండి. కూర్చోడానికి అక్కడ కుర్చీలుంటాయి.