ఎదురింటి తాత మా వాకిట్లోకి వచ్చిన రోజు

నా చిన్నప్పుడు మా ఎదురింటి తాత గడప ఎవరూ తొక్కేవారు కాదు. ఆయన సొంత తమ్ముణ్ణి చంపి జైలుకు పోయి, శిక్ష పూర్తయ్యాక ఊరికి తిరిగి వచ్చిన మనిషి. ఆ సంగతి మాకు ఎవరు చెప్పారో గుర్తులేదు గానీ, ఊళ్లో పిల్లలందరికీ తెలుసు. వీధిలో ఆయన ఎదురైతే మేం గోడవారకు ఒదిగిపోయేవాళ్లం. అది గమనించి ఆయనే దారి తప్పుకునేవాడు. పెళ్లికీ చావుకీ ఆయన్ని పిలిచేవాళ్లు లేరు. ఒక్కడే వండుకునేవాడు, ఒక్కడే పొలానికి పోయి వచ్చేవాడు.

మాది దమ్మపేట నుంచి అడవి వైపు పోయే దారిలో ఉన్న ఊరు. అవి డెబ్బైల చివరి సంవత్సరాలు. మా నాన్న, బాబాయి ఒకే వాకిట్లో చెరోవైపు ఇళ్లలో ఉండేవారు. మా తాతయ్య పోయాక పెత్తనం నాన్న చేతికి వచ్చింది. నాన్న చెడ్డవాడు కాదు. ఏ చేలో ఏం వేయాలో, ఏ ఎద్దును మార్చాలో అన్నీ తనే తేల్చేసేవాడు, అదే పెద్దరికం అనుకునేవాడు. బాబాయికి అది చిన్నతనంగా ఉండేది. పెళ్లయి కొడుకు పుట్టినా తనను ఎవరూ ఒక్కమాట అడగరని లోలోపల కుమిలిపోయేవాడు. ఆ అసలు మాట మాత్రం ఎప్పుడూ బయటికి రాలేదు. గొడవలన్నీ పలుపుతాడు ఎవరు తీశారు, వాన నీళ్లు ఎవరి గోడ వైపు మళ్లాయి అన్న వాటి మీదే వచ్చేవి.

ఆ ఏడు ఎండలు ముదిరేసరికి అన్నదమ్ములకు మాటలు పోయాయి. ఏదన్నా అవసరమైతే "మీ బాబాయికి చెప్పు", "మీ నాయనకు చెప్పు" అని మాచేత చెప్పించేవారు. అమ్మకూ పిన్నికీ మధ్య ఏ తగాదా లేకపోయినా వాళ్లూ ఒకరి ముఖం ఒకరు చూడడం మానేశారు. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ మౌనంలోనే అసలు చెడు జరిగిందనిపిస్తుంది. మాట్లాడుకోని మనిషి గురించి మనసు ఏదైనా ఊహించుకోగలదు. నాన్న ఊహలో బాబాయి కాచుకుని కూర్చున్న పగవాడయ్యాడు. బాబాయి ఊహలో నాన్న కూడా అంతే.

మిర్చి కోసి వాకిలంతా ఆరబోసిన రోజులవి. వాకిలి మధ్యలో మామిడిచెట్టు ఉండేది. బాబాయి పిల్లవాడిగా ఉన్నప్పుడు తాతయ్యతో భద్రాచలం తిరునాళ్లకు పోయి, తెచ్చి నాటిన మొక్క అది. మధ్యాహ్నం దాటాక దాని కొమ్మ నీడ కాయల మీద పడేది. సరిగ్గా ఎండని కాయ తెల్లబడి తాలుగా పోతుంది. నాన్న గొడ్డలి తెచ్చి, పిందెలతో ఉన్న ఆ కొమ్మను నరికేశాడు. ఎప్పట్లాగే ఎవరినీ అడగలేదు.

బాబాయి భుజాన పారతో పొలం నుంచి వచ్చేసరికి కొమ్మ నేల మీద పడి ఉంది.

"ఎవర్నడిగి కొట్టినవు?" అన్నాడు. చాన్నాళ్లకు అన్నతో నేరుగా మాట్లాడిన మొదటి మాట అది.

"నా వాకిట్ల చెట్టు కొట్టాలంటే నిన్నడగాల్నా?"

"నీ వాకిలా? మరి నేనేంది ఈడ, పాలేర్నా?"

అక్కడినుంచి మాట చెట్టును వదిలేసింది. తాతయ్య మంచాన పడ్డప్పుడు ఎవరు దగ్గరున్నారు, ఎవరు లేరు అన్న దాకా పోయింది. ఆ తర్వాత ఆడవాళ్ల దాకా వచ్చింది. ఒకరు అన్నదానికంటే పెద్ద మాట రెండోవారు అనాలి, లేకపోతే ఓడిపోయినట్టు. ఆ అరుపులకు వీధిలో జనం పోగై మా పిట్టగోడ అవతల నిలబడ్డారు. అందరూ మాకు కావలసినవాళ్లే. ఒక్కరూ లోపలికి రాలేదు. వెనకనుంచి ఎవరో "అంత మాటంటుంటే ఊకుంటవేందిరా" అన్నారు కూడా. ఆ మాట ఇద్దరిలో ఎవరిని ఉద్దేశించిందో నాకు తెలియదు గానీ, ఇద్దరికీ తగిలింది. నాన్న చేతిలో గొడ్డలి అలాగే ఉంది. అది ఉందన్న సంగతి ఆయన మరిచిపోయాడనే నేను అనుకుంటాను. బాబాయి పార పైకెత్తాడు. అమ్మ అరిచింది.

అప్పుడు ఎదురింటి తాత జనాన్ని తోసుకుని లోపలికి వచ్చాడు. ఆయన పరుగెత్తలేదు, అరవలేదు. నేరుగా వచ్చి వాళ్లిద్దరి మధ్య, నరికిన కొమ్మ మీద, నాన్న గొడ్డలికి వీపు పెట్టి కూర్చున్నాడు.

"బిడ్డా, జర మంచినీళ్లు తే," అన్నాడు నాతో.

మా ఇంట్లో ఆయన గుక్కెడు నీళ్లు తాగి ఎరగడు. నేను అమ్మ వంక చూశాను. అమ్మ తల ఊపింది. చెంబుతో తెచ్చి ఇచ్చాను. ఆయన తొందర లేకుండా తాగాడు. ఒక ముసలాయన కాళ్ల దగ్గర కూర్చుని నీళ్లు తాగుతుంటే ఆయన తలమీదుగా ఎవరేం తిట్టుకుంటారు? చెంబు కింద పెట్టి, వెనక్కి తిరక్కుండానే చెయ్యి చాపాడు.

"గొడ్డలి ఇటియ్యి, పెద్దోడా."

నాన్న ఇచ్చేశాడు. తాత దాన్ని చేతిలో ఉంచుకోలేదు. గబుక్కున దాన్ని కాలి కింద పెట్టుకున్నాడు.

"నువ్వు అన్నం తిన్నవా?" అని బాబాయిని అడిగాడు.

పిన్ని ఏడుస్తూ, "పొద్దుగాల్నుంచి ఏం తినలే," అంది.

"పా, మా ఇంటికి పోదాం. కూర లేదు గని పచ్చడుంది," అని లేచి, బాబాయి మణికట్టు పట్టుకున్నాడు. పార కింద పడింది. చిన్నపిల్లవాడిలా ఏడుస్తూ బాబాయి ఆయన వెంట పోయాడు. ఊరంతా వెలివేసినట్టు చూసిన ఇంట్లో కొన్నాళ్లు ఉన్నాడు. చివరికి నాన్నే పోయి ఆ గడప మీద కూర్చున్నాడు. ముగ్గురూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు.

అన్నీ సర్దుకున్నాయని చెప్పను. వాకిట్లో అడ్డుగోడ లేచింది, మామిడిచెట్టు బాబాయి వైపుకు పోయింది. పండగకు పిలుపులు ఉండేవి గానీ వెనకటి చనువు చాలా కాలం రాలేదు. అయినా నా పెళ్లికి వంటల దగ్గర ఉండి అందరికీ వడ్డించింది బాబాయే. ఆఖరి రోజుల్లో నాన్న ఖమ్మం దవాఖానాలో ఉంటే మంచం పక్కన చాప వేసుకుని పడుకున్నదీ బాబాయే. ఇద్దరూ బతికి ఉన్నారు కాబట్టే అవన్నీ జరిగాయి.

ఆ ఏడాది నుంచి అమ్మ నాచేత తాతకు కూర పంపేది. ఒకసారి ధైర్యం చేసి అడిగేశాను, మీ తమ్ముడితో గొడవ దేనిమీద వచ్చిందని. కోప్పడతాడనుకున్నాను. ఆయన పొయ్యిలో కట్టెను ముందుకు తోశాడు.

"ఏ మాట మీద మొదలైందో నాకు యాదికి లేదు బిడ్డా. ఆ పొద్దు ఇద్దరం ఒక్క కంచంలనే తిన్నం. చెయ్యి నాది, తప్పు నాది. ఇంకొకర్ని అనేది లేదు. కాని ఆ పొద్దు కూడా గోడ అవతల మంది ఉన్నరు. అందరు మంచోళ్లే. ఒక్కరన్న లోపలికొస్తే బాగుండని, జైల్ల పండుకున్నప్పుడల్లా అనుకున్న."

ఇప్పుడు నేను ఖమ్మంలో ఉంటున్నాను. పై వాటాలో కిరాయికి వచ్చేవాళ్లు మారుతుంటారు. గొంతులు పెరిగినప్పుడు, అది వాళ్ల ఇంటి విషయమని మా పిల్లలు నన్ను ఆపుతారు. నేను మెట్లెక్కి తలుపు కొడతాను. నా దగ్గర గొప్ప మాటలేమీ లేవు. తోడుకు కాస్త పెరుగుందా అని అడుగుతాను. కొందరు విసుక్కున్నారు, ఒకాయన నా ముఖం మీదే తలుపు వేశాడు. ఒకసారి మాత్రం తలుపు తీసిన అమ్మాయి బయటికి వచ్చి నా వెనక నిలబడింది. చెప్పులు కూడా వేసుకోకుండా నాతో కిందికి దిగి వచ్చేసింది.

తలుపు కొట్టేముందు నాకు ఇప్పటికీ భయం వేస్తుంది. కొట్టాకే తగ్గుతుంది.