మీసం చాటు మూతి

మా బిడ్డ హైదరాబాదులో బొమ్మలు గీసే చదువు చదువుతోంది. మొన్న సెలవులకు మా ఊరు కోస్గికి వచ్చి, ఉల్లిగడ్డలు కోస్తున్న నన్ను చూస్తూ బొగ్గుతో ఒక తల గీసింది. ముక్కు కర్ణాటక వైపు తిరిగి ఉంది. ఒక కన్ను నుదుటి మీద, రెండోది దవడ మీద. చెవిని వెతకడానికి నాకు అరపూట పట్టింది. మీసం లేదు. మూతి మాత్రం స్పష్టంగా, ఎడమకు జారి ఉంది.

"ఎవరు బిడ్డా గీయన?"

"నువ్వే బాపు! క్యూబిజం అంటరు దీన్ని. అన్ని దిక్కులకెల్లి ఒక్కసారే చూసుడు."

నా చూపు ఆ మూతి దగ్గరే ఆగింది. మా నాయినకు పక్షవాతం మూతి దగ్గరే మొదలైంది. ఒకరోజు ఆయన తాగుతున్న చాయ్ ఎడమ పక్కనుంచి కారింది. మేము నవ్వాం. నెల తిరక్కుండా పోయాడు. అప్పుడాయనది ఇప్పటి నా వయసే.

బిడ్డ బస్సెక్కగానే అద్దం ముందు కూర్చుని చాయ్ మీద చాయ్ తాగాను. ఏడో గ్లాసుకు కూడా చుక్క కారలేదు గానీ చేతులు వణికాయి. అది రోగమో, చాయో తేలక, ఇరవై ఏళ్లుగా నా మొహాన్ని చూస్తున్న ఏకైక నిపుణుడి దగ్గరికి బొమ్మ పట్టుకుని పరుగెత్తాను. కటింగ్ షాపుకు.

ఆయన నా గడ్డానికి నురగ పూసి, బొమ్మను అద్దానికి ఆనించి, నా చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు.

"గీ చెవి నేను గీ పక్క నిలవడితె కనవడేది. గీ మెడ ఎన్క అద్దంల కనవడేది. కరెక్టే గీసింది సారూ. నేను రోజూ తలకాయలను గిట్లనే చూస్త."

"మరి మూతి?"

అప్పటికి ఒక చెంప గీసిన కత్తి నా గొంతు దగ్గర ఆగింది.

"మూతా? అది షాపు పెట్టిన కాన్నుంచి గట్లనే ఉన్నది. అందుకే ఎడమ దిక్కు మీసం జర ఒత్తుగ ఉంచుతున్న. ఎవ్వలకు తెల్వది."

ఇరవై ఏళ్ల వంకర పక్షవాతం కాదు కదా అని ఊపిరి తీసుకున్నాను. సగం ఊపిరిలోనే ఇంకో భయం పట్టుకుంది.

"నా నెత్తి మీద ఇంకేమేం దాస్తున్నవ్?"

ఆయన బొమ్మలో మెడ వెనక మా బిడ్డ నల్లగా దిద్దిన చోటును చూశాడు. నా మెడ చూశాడు. మళ్లీ బొమ్మ చూశాడు.

"ఏం లేదు తియ్ సారూ. ఫికర్ జెయ్యకు."

ఇరవై ఏళ్లు మూతి గురించి ఒక్క మాట చెప్పని మనిషి! తువ్వాలుతో నురగ తుడుచుకుని, సగం గడ్డంతోనే మహబూబ్‌నగర్ దవాఖానకు బస్సెక్కాను. దారి పొడవునా ఆ బొమ్మను ఎక్స్‌రేలా ఒళ్లో పట్టుకునే కూర్చున్నాను.