మబ్బు పూట నల్లద్దాలు

కళింగపట్నంలో మొన్నటిదాకా చేపల వేటకి పడవ కదలాలంటే ముందు సూరయ్య తువ్వాలు లేవాలి. ఆయన ఒడ్డున ఇసక దిబ్బ మీద నిలబడి కెరటాల వరస చూస్తాడు. పెద్దవి మూడో నాలుగో విరిగాక నీళ్ళు కాసేపు అణుగుతాయి. ఆ సందు కనిపెట్టి ఎర్ర తువ్వాలు ఎత్తితే కిందివాళ్ళు పడవ తోస్తారు. ఎత్తకపోతే ఎంత ఆలస్యమైనా కదలరు. ముప్ఫై ఏళ్ళు ఆ పని చేశాడు. అన్నేళ్ళలో ఆయన తువ్వాలు నమ్మి వెళ్ళిన పడవ ఒక్కటీ తిరగబడలేదు.

ఆ ముప్ఫై ఏళ్ళ ఎండా, నీటి మెరుపూ చివరికి కుడికంట్లో కండగా పెరిగాయి. నల్లగుడ్డు మీదికి పాకుతుంటే శ్రీకాకుళం తీసుకెళ్ళి కోయించారు. కట్టు విప్పిన రోజు డాక్టరు నల్లద్దాలు పెట్టి, ఇవి లేకుండా బయట తిరగొద్దన్నాడు. ఏ వెలుతురులో, ఎన్నాళ్ళు అని ఎవరూ అడగలేదు. సూరయ్య భార్య లక్ష్మణమ్మ దాన్ని పథ్యం కింద పట్టింది. బాలింత వంకాయ ముట్టకూడదు, మొగుడు అద్దాలు తీయకూడదు.

"మొకం కడుక్కోడానికైనా తియ్యనీవేటే?"

"కళ్ళు మూసుకుని కడుక్కో. తీసినావంటే మల్లీ కోస్తారు. అప్పుడు నన్నేటీ అనకు."

ఎండలో అవి హాయిగానే ఉండేవట. సముద్రం మీద పందిరేసినట్టుండేది అని తరవాత కలవడానికి వెళ్ళినప్పుడు సూరయ్య నాతో చెప్పాడు. మిగతాది వినడానికి నేను ఇంకో రెండు సార్లు వెళ్ళి కూర్చోవాల్సి వచ్చింది.

భాద్రపదంలో ఒక పొద్దు. తెల్లారినా మబ్బు విడవలేదు. ఆకాశం, నీళ్ళు ఒకే బూడిద రంగు. ఆయన మేనల్లుళ్ళు, అన్నదమ్ములు దేవేంద్ర, ధనరాజ్ ఇంకో ఇద్దరితో పడవ పట్టుకుని నిలబడ్డారు.

"ఏటి మావా, సినిమావోడిలాగున్నావు. మేం కనబడతన్నామా?" అని చిన్నవాడు ధనరాజ్ కేకేశాడు.

"నీ బుర్ర కనబడతంది. అందులో ఏటీ నేదని కూడా కనబడతంది."

అందరూ నవ్వారు. సూరయ్యకి మాత్రం నీళ్ళు మసకగా ఉన్నాయి. అద్దాలు తీద్దామని చెయ్యి ఎత్తాడు. టీ తెచ్చిన లక్ష్మణమ్మ "సెయ్యి దించు" అంది. దించాడు.

నురగ తెల్లగా కనిపించింది. ఒకటి, రెండు, మూడు విరిగాయి. విరగని కెరటానికి నురగ ఉండదు. నీళ్ళ మీద ముదురు గీత ఒక్కటే దాని గుర్తు. ఆ మబ్బులో, ఆ నల్లద్దంలో నాలుగోదాని గీత కలిసిపోయింది. సూరయ్య తువ్వాలు ఎత్తాడు.

పడవ నిలువునా లేచి వెనక్కి తిరగబడింది. ముగ్గురు ఈదుకొచ్చారు. ధనరాజ్‌ని మధ్యాహ్నానికి వంశధార సముద్రంలో కలిసే మొగ దగ్గర నీళ్ళే ఒడ్డున పెట్టాయి.

పెద్దకర్మ అయ్యాక సూరయ్య ఒక్కడే బస్సెక్కి శ్రీకాకుళంలో ఉపేంద్ర కళ్ళద్దాల దుకాణానికి వెళ్ళాడు. ఆ రోజూ ముసురే. ఉపేంద్ర నల్లద్దాలు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇవి నడినెత్తి ఎండకి తాతా. మబ్బులో పెడితే ఉన్న వెలుగు కూడా తినేస్తాయి."

పసుపురంగు అద్దాలు తీసి ఆయనకి పెట్టి, వీధిలోకి చూడమన్నాడు. ఎదుటి గోడ మీద చెమ్మ మరకలు దేనికది విడిగా తేలాయి.

"ఇవి మబ్బుకి, మంచుకి. ఈ గోధుమరంగువి ఎండా మబ్బూ మారుతున్నప్పుడు. నీటి మెరుపు కూడా కోసేస్తాయి. తెల్లారకముందు మాత్రం ఏవీ వద్దు, వట్టి కళ్ళే మేలు."

"డాక్టరు తియ్యొద్దన్నాడు బాబూ."

"ఎండలోనైతే నేనూ అదే అంటాను. మబ్బు సంగతి అడగలేదా?"

"అడగనేదు."

సూరయ్య పసుపు అద్దాల్లోంచి వీధిని చాలాసేపు చూశాడు. "అన్నీ కనబడతన్నాయి బాబూ" అన్నాడు. మెచ్చుకున్నాడనుకుని ఉపేంద్ర నవ్వాడు.

ఇప్పుడు దిబ్బ మీద దేవేంద్ర నిలబడుతున్నాడు. తమ్ముడు పోయిన దగ్గర్నుంచి మావతో మాట్లాడడు. సూరయ్య రోజూ ఆకాశం చూసి, ఉపేంద్ర దగ్గర కొన్నవాటిల్లో ఆ పూటకి తగిన అద్దాలు తీసుకెళ్ళి, దేవేంద్ర కోసం దిబ్బ కింద బోర్లించిన గంప మీద పెట్టి, తాడు చుట్టల పక్కన కూర్చుంటాడు. లక్ష్మణమ్మ ఇప్పుడు పెట్టుకోమనీ అనదు, తీయమనీ అనదు. దేవేంద్ర వాటిని ముట్టుకోడు. సాయంత్రం సూరయ్య వాటి మీద ఇసక తుడిచి ఇంటికి తెస్తాడు.

కార్తీకంలో మళ్ళీ ఒక మబ్బు పూట వచ్చింది. గంప మీద పసుపు అద్దాలు ఉన్నాయి. కిందివాళ్ళు తొందర పెడుతున్నారు. దేవేంద్ర కళ్ళు నులుముకున్నాడు, మళ్ళీ నులుముకున్నాడు. దిగొచ్చి అద్దాలు తీసి పెట్టుకున్నాడు.

మూడు కెరటాలు విరిగాయి. తువ్వాలు దేవేంద్ర భుజం మీదే ఉంది. నాలుగోది లేచి, విరిగి, ఒడ్డంతా నురగ చేసి పోయింది.

"ఇందులో నాలుగోది కనబడతంది మావా" అన్నాడు దేవేంద్ర, ఆయన వైపు తిరగకుండానే.

సూరయ్య ఇసక మీంచి చూపు ఎత్తలేదు.